సీ3, సీ4 నార్మల్, సీహెచ్50 మాత్రం సున్నా: ఇదేం లెక్క?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్ళు. పదహారో ఏట మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చి రెండు వారాలు ఆస్పత్రిలో ఉన్నాడు. బయటపడ్డాడు, అదో పీడకల అనుకుని మర్చిపోయాం. రెండు నెలల క్రితం మళ్ళీ వచ్చింది. అదే జబ్బు, అదే మెనింగోకాకస్ అనే బ్యాక్టీరియా. ఈసారీ గట్టెక్కాడు. రెండోసారి రావడం మామూలు సంగతి కాదని డాక్టరుగారు బోలెడు రక్తపరీక్షలు రాశారు. తెల్లకణాలు బాగున్నాయి, యాంటీబాడీలు బాగున్నాయి, హెచ్ఐవీ లేదు. కాంప్లిమెంట్ సీ3, సీ4 కూడా నార్మలే. సీహెచ్50 అనే పరీక్షలో మాత్రం 'గుర్తించదగినంత లేదు' అని వచ్చింది. 'కాంప్లిమెంట్ లోపం కావచ్చు, ఇంకా చూడాలి' అన్నారు. అసలీ కాంప్లిమెంట్ ఏమిటి? సీ3, సీ4 ఉన్నాక లేదనడమేమిటి? వాడికి జలుబు కూడా అందరికంటే ఎక్కువేమీ రాదు. ఇమ్యూనిటీ పెరగడానికి పొడులు, టానిక్కులు వాడమని చుట్టాలు పోరుతున్నారు. వచ్చే నెల హాస్టల్లో చేరాలి. పంపమంటారా? పద్నాలుగేళ్ళ అమ్మాయి కూడా ఉంది. దాని సంగతేమిటి?
(పేరు వద్దన్న ఓ తల్లి)

జవాబు:

అమ్మా,

ముందు ఆ సీహెచ్50 పరీక్ష ఇంకోసారి చేయించండి. టీకా ఒక్కటి తప్ప మిగతా కబుర్లన్నీ ఆ తర్వాతే. డాక్టరుగారి మీద అపనమ్మకంతో చెప్పడం లేదు. ఈ ఒక్క పరీక్షలో సున్నా వచ్చినంత మాత్రాన లోపం మనిషిలోనే ఉండాలని లేదు. రక్తం పట్టిన గొట్టంలో ఉండొచ్చు, అది ల్యాబుకి వెళ్ళిన దారిలో ఉండొచ్చు. కాంప్లిమెంట్, అంటే రక్తంలో ఉండి క్రిముల్ని చంపడానికి తోడ్పడేది, అంత సుకుమారమైన సరుకు. సీహెచ్50 అది పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష.

నేను ల్యాబులో చేరిన కొత్తల్లో ఓ శనివారం మధ్యాహ్నం ఒక అమ్మాయి నమూనా వచ్చింది. తీసుకున్నాయన దాన్ని ఫ్రీజర్లో పెట్టకుండా బల్ల మీది స్టాండులో గుచ్చి వెళ్ళిపోయాడు. సోమవారం పొద్దున దాకా అది ఆ గది వేడిలోనే ఉంది. పరీక్ష పెడితే దాదాపు ఏమీ లేదు. రిపోర్టు వెళ్ళిపోయింది. నెల తర్వాత మళ్ళీ తీసి జాగ్రత్తగా చూస్తే నిక్షేపంగా ఉంది. ఆ నెల్లాళ్ళూ ఆ ఇంట్లో ఎవరికైనా కంటి నిండా నిద్ర పట్టిందో లేదో. స్టాండులో ఆ గొట్టాన్ని చూసి కూడా 'ఇదిక్కడెందుకుంది' అని అడగనివాళ్ళలో నేనూ ఒకణ్ణి.

కాబట్టి ఈసారి మీరే అడగండి. రక్తం సీరం గొట్టంలోనే తీయాలి. సీరం అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే పలచని ద్రవం. మామూలు రక్తకణాల లెక్కకి వాడే ఊదా మూత గొట్టం పనికిరాదు. అందులోని మందు రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, కాల్షియం లేకపోతే ఈ పరీక్ష మొదటి మెట్టే ఎక్కదు. గడ్డకట్టాక సీరం వేరుచేసి వెంటనే మైనస్ 70 డిగ్రీల చలిలో పెట్టాలి. దూరం పంపితే డ్రై ఐస్‌లోనే పంపాలి. పైగా జబ్బు ముదిరి ఉన్నప్పుడు కాంప్లిమెంట్ ఖర్చయిపోతూ ఉంటుంది, ఆ సమయంలో తీసిన లెక్కని నమ్మడానికి లేదు. మొదటి నమూనా ఆస్పత్రి మంచం మీద ఉండగా తీశారో, ఇంటికొచ్చాక తీశారో మీ ఉత్తరంలో లేదు. ఇప్పుడు రెండు నెలలైంది కాబట్టి మళ్ళీ తీయించడానికి ఇది మంచి అదను.

ఈ సుకుమారం ఎలాంటిదంటే, అసలు కాంప్లిమెంట్ అనేది ఒకటుందని లోకానికి తెలిసిందే దానివల్ల. 1890ల నడుమ జూల్ బోర్డె అనే బెల్జియం కుర్రాడు పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో కలరా క్రిముల మీద పనిచేస్తున్నాడు. కలరా టీకా వేసిన జంతువు సీరంలో ఆ క్రిముల్ని వేస్తే చచ్చిపోతున్నాయి. అదే సీరాన్ని 55 డిగ్రీల దగ్గర కాసేపు వేడిచేస్తే ఆ శక్తి పోతోంది. అందులో టీకా వేయని జంతువు తాజా సీరం కొంచెం కలిపాడు. ఆ కలిపిన సీరానికి సొంతంగా చంపే శక్తి లేదు. అయినా కలపగానే పోయిన శక్తి తిరిగొచ్చింది. అంటే పని చేసేవి రెండన్నమాట. ఒకటి వేడికి తట్టుకునేది, టీకా వల్ల వచ్చేది. అదే యాంటీబాడీ. రెండోది వేడికి చచ్చేది, టీకాతో నిమిత్తం లేకుండా అందరి రక్తంలోనూ ముందునుంచే ఉండేది. ఈ రెండోదానికి పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త కాంప్లిమెంట్ అని పేరు పెట్టాడు. యాంటీబాడీ మొదలుపెట్టిన పనిని పూర్తిచేసేది, పూరకం, అని అర్థం. పొగడ్తకి వాడే కాంప్లిమెంట్ వేరే మాట. తెలుగులో రాస్తే రెండూ ఒకేలా కనబడటం మన ఖర్మ. బోర్డెకి దీనితో కలిపి రోగనిరోధకత మీద చేసిన కృషికి 1919 నోబెల్ దక్కింది.

ఆయన ఒక్కటే పదార్థం అనుకున్నది నిజానికి ముప్ఫైకి పైగా ప్రొటీన్ల గుంపు. ఎక్కువభాగం కాలేయంలో తయారై రక్తంలో కళ్ళు మూసుకుని తిరుగుతుంటాయి. వీటిలో ముఖ్యమైనవాటికి సీ1 నుంచి సీ9 దాకా నంబర్లున్నాయి. పని చేసే వరస మాత్రం ఒకటి, నాలుగు, రెండు, మూడు. కనిపెట్టిన క్రమంలో నంబర్లు వేసుకుంటూ పోయారు, తీరా చూస్తే నాలుగోది రెండో మెట్టు మీద తేలింది. అప్పటికే పుస్తకాలు అచ్చైపోయాయి. ఈ వరస దగ్గర తడబడి మార్కులు పోగొట్టుకోని వైద్య విద్యార్థి ఉంటాడని నేననుకోను.

ఇప్పుడు ఒక బ్యాక్టీరియా రక్తంలోకి దిగిందనుకోండి. దాన్ని కాంప్లిమెంట్ పసిగట్టే దారులు మూడు. యాంటీబాడీలు దానికి అంటుకుంటే సీ1 వచ్చి వాటి మీద వాలుతుంది. దాని ఒంటి మీది చక్కెరల అమరిక మన కణాల మీద ఉండేలాంటిది కాకపోతే లెక్టిన్లనే ప్రొటీన్లు పట్టుకుంటాయి. మూడోది విచిత్రమైనది. ఎవరూ పిలవకుండానే సీ3 రక్తంలో ఎప్పుడూ కాస్త కాస్త తనంతట తాను తెరుచుకుంటూనే ఉంటుంది. పక్కన పరాయి కణం తగిలితే అంటుకుంటుంది, తగలకపోతే ఆరిపోతుంది. యాంటీబాడీ లేకుండా కాంప్లిమెంట్ కదలగలదని 1954లో లూయీ పిల్లెమర్ అనే శాస్త్రవేత్త చెబితే చాలామంది నవ్వారు. ఆయన 1957లో పోయాడు. ఆయన మాట నిజమని శాస్త్రం ఒప్పుకోవడానికి ఆ తర్వాత మరో పదేళ్ళ పైనే పట్టింది.

ఏ దారిన వచ్చినా అన్నీ చేరేది సీ3 దగ్గరికే. కాంప్లిమెంట్‌లో అసలు కథ నడిచేది ఇక్కడే, కాస్త దగ్గరగా చూడండి. రక్తంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే కాంప్లిమెంట్ ప్రొటీన్ ఇది, మిల్లీలీటరుకి సుమారు ఒక మిల్లీగ్రాము. దీని కడుపులో జిగురులాంటి ఒక కొస మడతపడి దాగి ఉంటుంది. బ్యాక్టీరియా ఒంటి మీద తయారైన ఎంజైము సీ3ని కోయగానే ఆ జిగురు బయటపడుతుంది. దాని ఆయుష్షు రెప్పపాటులో ఎన్నో వంతు. ఆ లోపల ఎదురుగా ఏదుంటే దానికి అతుక్కోవాలి, లేదంటే చుట్టూ ఉన్న నీరే దాన్ని చల్లార్చేస్తుంది. అందుకే అది దూరం పోలేదు, కోసిన చోటే అంటుకుంటుంది. అంటుకున్న ముక్క పేరు సీ3బీ. అది మరో ఎంజైముకి పీటవుతుంది, ఆ ఎంజైము మరిన్ని సీ3లని కోస్తుంది, అవి మళ్ళీ అక్కడే అంటుకుంటాయి. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు నిమిషాల్లో ఆ బ్యాక్టీరియా ఒళ్ళంతా సీ3బీ పూత పడుతుంది.

ఆ పూతని చూస్తే తెల్లకణానికి పండగే. ఉత్త బ్యాక్టీరియా జారిపోతుంది. పూత పడిందాన్ని పట్టుకోవడానికి తెల్లకణం ఒంటి మీద ప్రత్యేకంగా కొక్కేలున్నాయి. పట్టి మింగేస్తుంది. కోసినప్పుడు రాలిన చిన్న తునకలు, సీ3ఏ, సీ5ఏ, ఊరకే పోవు. రక్తనాళాల గోడలు వదులయ్యేలా చేస్తాయి, దూరంగా ఉన్న తెల్లకణాలకి కబురు పంపి ఆ వైపు నడిపిస్తాయి. ఇక చివరి అంకం సీ5 నుంచి సీ9 దాకా. 5, 6, 7, 8 ఒకదానికొకటి తగులుకుని బ్యాక్టీరియా పై పొరలో దిగుతాయి. వాటి పక్కన సీ9లు ఒక్కొక్కటే నిలబడి, పద్దెనిమిది దాకా చేరి, గుండ్రంగా కంత చేస్తాయి. కంత వెడల్పు పది నానోమీటర్లు. అందులోంచి నీరు లోపలికి తోసుకొస్తుంది, బ్యాక్టీరియా ఉబ్బి పగులుతుంది.

సీహెచ్50 పరీక్ష ఈ పగలడాన్నే కంటికి కనబడేలా చేస్తుంది. గొర్రె ఎర్రకణాలకి యాంటీబాడీ పట్టించి, రోగి సీరంలో కలిపి, వెచ్చగా ఉంచుతారు. మొదట గొట్టం గులాబీరంగులో మబ్బుగా ఉంటుంది, వెనక వేలు పెడితే కనబడదు. కాంప్లిమెంట్ బాగుంటే కాసేపటికి కణాలు పగిలి మబ్బు విడిపోతుంది, ఎర్రగా, తేటగా, వెనకాల కాగితం మీది అక్షరాలు చదువుకునేలా తయారవుతుంది. సగం కణాలు పగలడానికి ఎంత సీరం కావాలో చూసి లెక్క కడతారు. పేరులో 50 అందుకే. కాంప్లిమెంట్ లేని సీరం పోస్తే ఎంతసేపు కూర్చున్నా మబ్బు మబ్బుగానే ఉంటుంది, చివరికి కణాలు చెక్కుచెదరకుండా అడుగున బొట్టులా దిగుతాయి. ఎన్ని వందల గొట్టాలు చూశానో, ఆ బొట్టు కనబడినప్పుడల్లా వెంటనే నమ్మను. మొదట అడిగేది 'ఈ నమూనా ఎలా వచ్చింది' అనే.

మీ రెండో ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. సీ3, సీ4 పరీక్షలు ఆ రెండు ప్రొటీన్లు ఎంతెంత ఉన్నాయో కొలుస్తాయి, అంతే. సైకిల్‌కి చక్రం ఉందా, హ్యాండిల్ ఉందా అని చూసినట్టు. సీహెచ్50 అంటే సైకిలెక్కి తొక్కి చూడటం. చైన్‌లో ఒక్క లింకు లేకపోయినా బండి కదలదు, చక్రం మాత్రం భేషుగ్గా ఉంటుంది.

ఏ లింకు లేదన్నది కనుక్కోవడానికి ఏహెచ్50 అనే ఇంకో పరీక్ష ఉంది. అది యాంటీబాడీ అక్కర్లేని మూడో దారిని తొక్కి చూస్తుంది. రెండు పరీక్షల్లోనూ సున్నా వస్తే రెండు దారులూ కలిసిన తర్వాతి భాగంలో తేడా ఉన్నట్టు. మీ అబ్బాయికి సీ3 ఉంది కాబట్టి అనుమానం సీ5 నుంచి సీ8 వరకు ఉన్నవాటి మీదికి పోతుంది. సీ9 లేనివాళ్ళలో సీహెచ్50 తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఏహెచ్50 బాగుండి సీహెచ్50 ఒక్కటే సున్నా అయితే మొదటి మెట్లలో, సీ1లోనో సీ2లోనో, వెతకాలి. రెండుసార్లూ మెనింగోకాకసే అన్నారు, అదీ పదహారు, పంతొమ్మిదేళ్ళకి అన్నారు, కాబట్టి నా మొగ్గు చివరి మెట్ల వైపే. పరీక్ష కాదంటే నా మొగ్గు పక్కన పడేయండి.

ఒకవేళ రెండోసారి సీహెచ్50 నార్మల్ వస్తే స్వీట్లు పంచేసి ఊరుకోకండి. ఏహెచ్50 అప్పుడూ చేయించాలి. ప్రొపర్డిన్ అనే ప్రొటీన్ లేని మగపిల్లల్లో సీహెచ్50 బాగానే ఉంటుంది, మెనింగోకాకస్ మాత్రం వదలదు. ప్లీహం సరిగా ఉందో లేదో కూడా ఒకసారి చూడమనండి.

ఇక జలుబు సంగతి. మీ అబ్బాయికి తరచూ జలుబు రాకపోవడం మీకు వింతగా ఉంది కానీ, చివరి మెట్లు లేనివాళ్ళ కథ సరిగ్గా ఇలాగే ఉంటుంది. పైన చెప్పిన మూడు పనుల్లో వాళ్ళకి లేనిది కంత పెట్టడం. సీ5 ఒక్కటే లేకపోతే ఆ సీ5ఏ కబురు కూడా ఉండదు. పూత పడటం, తెల్లకణాలు మింగడం మామూలుగానే జరుగుతాయి. చాలా బ్యాక్టీరియాల పని మింగడంతోనే సరి. దళసరి గోడ ఉన్న రకాలకైతే ఆ కంత ఎటూ దిగదు కూడా. వైరస్‌ల సంగతి చూసుకోవడానికి వేరే యంత్రాంగం ఉంది. పలచని పై పొరతో, మింగుడు పడకుండా తప్పించుకునే గొంగళితో తిరిగే నైసీరియా జాతి, అంటే మెనింగోకాకస్, దాని దాయాది, లైంగికంగా సోకే గనేరియా క్రిమి, వీటిని ఆపడానికి మాత్రం కంతే దిక్కు. అందుకే ఈ లోపం ఉన్నవాళ్ళు మిగతా అన్ని విషయాల్లో ఆరోగ్యంగా ఉండి, ఈ ఒక్క క్రిమి చేతిలో మళ్ళీ మళ్ళీ దెబ్బతింటారు. మామూలువాళ్ళతో పోలిస్తే వీళ్ళకి ఈ జబ్బు వచ్చే అవకాశం వెయ్యి రెట్ల పైమాటే. లోపం లేనివాళ్ళలో ఇది ఎక్కువగా పసిపిల్లలకి వస్తే, వీళ్ళకి మొదటిసారి పదిహేడేళ్ళ ప్రాంతంలో వస్తుంది. ఊరటనిచ్చే సంగతి కూడా ఒకటుంది. వీళ్ళలో జబ్బు తరచుగా వచ్చినా ప్రాణాలు పోవడం మిగతావాళ్ళకంటే తక్కువ. అలాగని తేలిగ్గా తీసుకునే జబ్బు కాదు, రెండుసార్లు చూసిన మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంతకంటే గట్టి రుజువు మందుల నుంచి వచ్చింది. ఎక్యులిజుమాబ్ అని ఒక మందుంది, 2007లో అమెరికాలో అనుమతి పొందింది. అది సీ5ని కోయనివ్వకుండా పట్టుకుంటుంది. అంటే మీ అబ్బాయికి పుట్టుకతో ఉందని మనం అనుమానిస్తున్న స్థితినే, వేరే జబ్బు తగ్గడానికి, కొందరు కావాలని మందుతో తెచ్చుకుంటున్నారు. వాళ్ళు ఏళ్ళ తరబడి చదువులు, ఉద్యోగాలు చేసుకుంటూ బతుకుతున్నారు. వాళ్ళని డాక్టర్లు హెచ్చరించే పెద్ద ముప్పు ఏమిటో తెలుసా? మెనింగోకాకస్సే. మందు మొదలుపెట్టే ముందు కనీసం రెండు వారాలుండగా టీకాలు వేయించమంటారు.

వేరే జబ్బు అన్నాను కదా, అదేమిటో చెబితే మీ చుట్టాల పొడుల సంగతి కూడా తేలిపోతుంది. సీ3బీ జిగురుకి మనా పరాయా తేడా తెలియదు. కోసిన చోట ఏదుంటే దానికే అంటుకుంటుంది, మన కణమైనా సరే. అందుకే మన కణాల ఒంటి మీద సీడీ55, సీడీ59 అనే కాపలా ప్రొటీన్లుంటాయి, రక్తంలో ఫ్యాక్టర్ హెచ్ అనేది తిరుగుతుంటుంది. వీటి పనల్లా కాంప్లిమెంట్‌ని ఆపడం. పీఎన్‌హెచ్ అనే జబ్బులో ఎర్రకణాల మీద ఆ కాపలా ఉండదు. కంచే చేను మేసినట్టు సొంత కాంప్లిమెంటే ఎర్రకణాల్ని పగలగొడుతుంది, మూత్రం నల్లగా పోతుంది. ఆ మందు మొదట వచ్చింది ఈ జబ్బుకే. ఫ్యాక్టర్ హెచ్ అదుపు తప్పితే కిడ్నీలు దెబ్బతినే జబ్బు ఇంకొకటుంది. అంటే కాంప్లిమెంట్ ఎంత పెరిగితే అంత మంచిదనే లెక్కే లేదు. దాన్ని పట్టి ఉంచడానికే ఒళ్ళు రాత్రింబవళ్ళు కష్టపడుతోంది. మీ అబ్బాయిలో ఒక ప్రొటీన్ లేకపోతే అది జన్యువులో రాత తేడా. పొడి తిన్నా, టానిక్ తాగినా ఆ రాత మారదు. డబ్బు దండగ, పోనీ అనుకుందామంటే అంతకంటే పెద్ద నష్టం 'మందు వాడుతున్నాడుగా' అన్న ధీమా. లేని ప్రొటీన్‌ని ప్లాస్మా ద్వారా ఎక్కించవచ్చు గదా అని మీకు తోచవచ్చు. ఎక్కిస్తే అది కొన్ని రోజులే నిలుస్తుంది, జీవితమంతా ఎక్కిస్తూ పోలేం.

పనికొచ్చేది టీకా. ఇక్కడ మీకో సందేహం రావాలి. టీకా ఇచ్చేది యాంటీబాడీలు, అవి మీ అబ్బాయికి ఇప్పటికే బాగున్నాయన్నారు, మరి టీకాతో ఒరిగేదేమిటి? అతనికి బాగున్నది మొత్తం యాంటీబాడీల లెక్క. సరిగ్గా ఈ క్రిమి మీద గురిపెట్టినవి దండిగా ఉంటే మొదటి మెట్టు జోరుగా నడుస్తుంది, సీ3బీ పూత దట్టంగా పడుతుంది, కంత లేకపోయినా తెల్లకణాలు మింగేస్తాయి. చివరి మెట్టు లేని లోటుని మొదటి మెట్ల బలంతో చాలావరకు పూడ్చడమన్నమాట.

టీకాలు రెండు రకాలు, రెండూ కావాలి. మెనింగోకాకస్‌లోని ఏ, సీ, డబ్ల్యూ, వై రకాలకి కలిపి ఒకటి. బీ రకానికి వేరే. బీని ఎందుకు విడిగా చేయాల్సి వచ్చిందంటే, దాని పై గొంగళిలోని చక్కెర మన నరాల కణాల మీదుండే చక్కెరలాంటిదే, ఒళ్ళు దాన్ని పరాయిది అనుకోదు. అందుకని దాని ప్రొటీన్లతో టీకా చేశారు. ఆ ప్రొటీన్లలో ఒకటి మహా గడుసుది. మన ఫ్యాక్టర్ హెచ్‌ని లాక్కుని క్రిమి ఒంటికి కప్పే ప్రొటీన్ అది. కాంప్లిమెంట్ వచ్చి చూస్తే కాపలావాడు నిలబడి ఉంటాడు, మనవాడే అనుకుని వెళ్ళిపోతుంది. అచ్చమైన మేకవన్నె పులి. టీకా ఇప్పుడు ఆ మేకతోలు మీదే గురిపెడుతుంది.

ఈ లోపం ఉన్నవాళ్ళకి ఒక్క డోసుతో సరిపోదు. మొదట డోసుల మధ్య వారాల ఎడం పెట్టి వేస్తారు, తర్వాత ఏసీడబ్ల్యూవైని ఐదేళ్ళకోసారి, బీని అంతకంటే తరచుగా బూస్టర్ వేయమంటారు. బీ టీకా అన్ని దేశాల్లోనూ దొరకదు. దొరక్కపోతే మొదటిది ఆలస్యం చేయకుండా వేయించి, రెండోదాని కోసం ప్రయత్నం చేయండి. న్యుమోకాకస్ (న్యుమోనియా తెచ్చే మరో బ్యాక్టీరియా) టీకా కూడా అడగండి. లోపం మొదటి మెట్లలో ఉందని తేలితే దాని అవసరం మరీ ఎక్కువ. ఈ లోపం ఉన్నవాళ్ళు టీకాలకి దూరంగా ఉండాలని ఎవరైనా అంటే వినకండి. రెండో రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా. రెండుసార్లు మెనింగోకాకస్ వచ్చిన పిల్లవాడికి ఆ రిపోర్టు ఏమని చెప్పినా ఈ టీకా మంచిదే.

టీకా ఉన్నా పూర్తి భరోసా లేదు. ఎక్యులిజుమాబ్ వాడేవాళ్ళలో టీకాలు పడినా జబ్బు వచ్చినవాళ్ళున్నారు. అందుకని కొందరికి రోజూ పెన్సిలిన్ మాత్ర రాస్తారు, అది మీ అబ్బాయికి కావాలా వద్దా అన్నది డాక్టరుగారి నిర్ణయం. అబ్బాయి చేతిలో ఉండాల్సింది మాత్రం ఒక కాగితం. 'ఇతనికి కాంప్లిమెంట్ లోపం ఉందని అనుమానం, రెండుసార్లు మెనింగోకాకల్ మెనింజైటిస్ వచ్చింది, జ్వరంతో వస్తే ఆలస్యం లేకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టండి' అని డాక్టరుగారి సంతకంతో రాయించుకోండి. ఒక కాపీ పర్సులో, ఒకటి ఫోనులో ఫోటోగా. జ్వరంతో పాటు విపరీతమైన తలనొప్పి, మెడ వంగకపోవడం, వాంతులు, వెలుతురు భరించలేకపోవడం, మత్తు, కాళ్ళూచేతుల్లో నొప్పులు, వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. ఒంటి మీద ఎర్రటి, ఊదారంగు మచ్చలు లేస్తే గాజుగ్లాసు అద్ది నొక్కి చూడాలి. నొక్కినా మచ్చ మాయం కాకపోతే అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సిందే. అసలు మచ్చల కోసం ఎదురుచూడనూ వద్దు, అవి రాకుండా కూడా ఈ జబ్బు వస్తుంది.

హాస్టల్‌కి పంపండి. పెద్దవాళ్ళలో పదిమందిలో ఒకరి ముక్కులోనో గొంతులోనో ఈ క్రిమి హాని చేయకుండా కాపురం ఉంటుంది, ఇంట్లో కూర్చోబెట్టినా తప్పించుకునేది కాదు. గదికి నలుగురు పడుకునే చోట అది చేతులు మారడం ఎక్కువ, నిజమే. అందుకే హాస్టల్లో చేరడానికి కనీసం రెండు వారాల ముందే టీకా పడాలి, నెల టైముంది కాబట్టి ఈ వారమే వెళ్ళండి. పక్క మంచం కుర్రాడికి కాగితం సంగతి తెలిసి ఉండాలి. జ్వరంలో మత్తుగా పడి ఉన్నవాడు తన కాగితం తాను చూపించలేడు. సిగరెట్ జోలికి పోవద్దని చెప్పండి, పొగ పీల్చేవాళ్ళకి ఈ క్రిమి తొందరగా అంటుకుంటుంది. గనేరియా మాట పైన ఎందుకెత్తానో పంతొమ్మిదేళ్ళవాడికి మీరు చెప్పడం ఇబ్బందైతే డాక్టరుగారికి వదిలేయండి, ఆయన చెబుతారు.

అమ్మాయికి పరీక్ష తప్పనిసరి. సీ5 నుంచి సీ9 వరకు లోపాలు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు లోపపు జన్యువులు కలిస్తేనే వస్తాయి. మీ ఇద్దరిలోనూ చెరొకటి ఉండి ఉండొచ్చు, దానివల్ల మీకేమీ కాదు, అందులో ఎవరి తప్పూ లేదు. అలాగైతే అమ్మాయికి ఈ లోపం ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇప్పటిదాకా ఏ జబ్బూ రాలేదన్నది లెక్కలోకి రాదు, మీవాడికి కూడా పద్నాలుగేళ్ళప్పుడు ఏమీ రాలేదుగా. అబ్బాయికి రెండోసారి రక్తం తీసే రోజునే అమ్మాయిదీ ఇప్పించండి. అదే సీరం గొట్టం, అదే డ్రై ఐస్ పెట్టె, రెండు నమూనాలూ ఒకే దారిన వెళ్ళాలి. ఆమెది బాగుండి అతనిది మళ్ళీ సున్నా వస్తే దారిని తప్పుపట్టడానికి ఇంక వీలుండదు. ఇద్దరిదీ సున్నా వస్తే మాత్రం ఆ పెట్టె ఎన్ని గంటలకి తెరిచారో ల్యాబుకి ఫోన్ చేసి అడగండి.